ఐదు దగ్గర ఆగిన బండి

చిన్నప్పుడు నాకు ఎక్కాలు ఐదు దాకా తడబడకుండా వచ్చేవి. ఆరో ఎక్కం మొదలుపెడితే నాలుక మడతపడేది. అందుకే వీడు తొమ్మిదో తరగతి దాటలేదని మా నాయన అనేవాడు. ఆరు రానివాణ్ణి తొమ్మిది దాకా ఎట్లా తోశారో ఆ పంతుళ్లనే అడగాలని నేను అనేవాణ్ణి. తర్వాత నా బతుకులో నడపడానికి దొరికిన ఒకే ఒక్క గొప్ప బండి కూడా ఐదు దగ్గరే ఆగిపోయింది. కాబట్టి లోపం నాలో లేదని, ఆరులోనే ఉందని ఇన్నేళ్లకు తేలింది.

మొన్న చిల్కానగర్‌లో మా అక్క వాళ్ల ఫ్లాటుకు రంగులు వేయిస్తూ, సజ్జ మీది సామాను దింపే పని నాకు అప్పజెప్పారు. చదువుకున్న అల్లుళ్లు, కొడుకులు ఎందరున్నా ఇంట్లో సజ్జ ఎక్కాల్సి వచ్చినప్పుడు అందరికీ నేనే గుర్తొస్తాను. పాత కుక్కర్లు, మూత లేని ఇడ్లీ గిన్నెలు, ఎవరికీ పనికిరాని తీగల చుట్టలు దింపాక, మూలన ఒక హెల్మెట్ తగిలింది. నల్లది, పక్కలకు మంటల బొమ్మలు. లోపలి మెత్త నల్లగా మాడిపోయినట్టుంది. దాంట్లో ఎండిపోయిన మల్లెపూల దారం ఒకటి, రెండు మూడు బియ్యపు గింజలు ఉన్నాయి. నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. కింద నుంచి రంగులేసే పిల్లగాడు “అన్నా, దిగుతవా, నిచ్చెన ఇంకోటి తెచ్చుకోనా” అని అడిగేదాకా దిగలేదు.

ఆ హెల్మెట్ మా మల్లేశ్ బావది, అంటే మా అక్క మొగుడిది. నాచారంలో ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. నేను బడి మానేశాక అక్క దగ్గరే పెరిగాను, వాళ్లింట్లోనే తిన్నాను. అందుకని ఆయన మీద జోకులు వేసే హక్కు నాకు పుట్టుకతో వచ్చినట్టే ఉండేది. నారపల్లి దగ్గర వాళ్ల తాతల నాటి చేను వెంచరు వాళ్లకు పోయింది. తెల్ల రాళ్లు పాతి, రంగుల జెండాలు కట్టి, చేనుకు ఇంగ్లీషు పేరు పెట్టారు. వాటా చేతికి రాగానే చుట్టాలందరూ ఇంటి మీద ఇల్లు కట్టుకున్నారు. మా బావ మాత్రం జపాన్ నుంచి వచ్చిన పెద్ద మోటార్‌సైకిల్ కొన్నాడు. రేసుల్లో తిప్పే రకం. కంపెనీ పేరు రాయను. తమ బండి మా ఇంట్లో పడ్డ పాట్లు తెలిస్తే వాళ్లు బాధపడతారు.

కొన్నాక తెలిసిన సంగతి ఏమిటంటే, బావ సీటు మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందవు. రెండు బొటనవేళ్లు గాలిలో దేన్నో వెతుక్కుంటూ వేలాడేవి. నేను తాటిచెట్టంత పొడుగు. అట్లా నాకు జీవితంలో మొదటి ఉద్యోగం దొరికింది. బండి ఆయనది, కాళ్లు నావి. ఆయన వెనక కూర్చునేవాడు. ఆ వెనక సీటు చపాతీ పీటంత ఉంటుంది, దాని ఎత్తు మాత్రం మిద్దె అంత. బజారులో పోతుంటే బావ తల నా తలకు మూరెడు పైన, ఊరేగింపులో దేవుడిలాగ కదులుతూ వచ్చేది. నేను ముందు ట్యాంకు మీద బోర్లా పడుకుని, మంచం కింద చెప్పు వెతుకుతున్న మనిషిలాగ ఉండేవాణ్ణి. అద్దాల్లో వెనక రోడ్డు కనిపించదు, నా మోచేతులే కనిపిస్తాయి. ఆ బండి తయారుచేసిన వాళ్ల లెక్కలో వెనక ఎవరూ ఉండరు కదా, అందరినీ దాటేసి ఉంటాం కదా. మా లెక్క వేరు. చెంగిచెర్ల నుంచి వచ్చే పాల క్యాన్ల మోపెడ్ కూడా మమ్మల్ని దాటిపోయేది.

దాని గుణగణాలు చెప్పాలంటే చాలా ఉన్నాయి. క్లచ్చు పట్టాలంటే బోరింగు కొట్టినంత బలం కావాలి. యాక్సిలేటరు మాత్రం రేడియో గుండీ తిప్పినంత మెత్తగా తిరుగుతుంది, తిప్పావో నాచారంలో ఉన్నవాడివి హబ్సిగూడలో తేలతావు. బ్రేకు రెండు వేళ్లతో తాకితే చాలు, బండి గోడకు తగిలినట్టు ఆగుతుంది. బావ హెల్మెట్ నా హెల్మెట్‌కు టక్కున కొట్టుకుంటుంది. ఇద్దరం సాయంత్రం దాకా ఆ టక్కుల మీదే మాట్లాడుకునేవాళ్లం. ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ పడితే ఇంజన్ వేడికి తొడలు పెనం మీద పెట్టినట్టు అయ్యేవి. అంతలో లోపల ఫ్యాను తిరిగి, పిండి గిర్నీ మొదలైనట్టు చప్పుడు చేస్తూ, ఆ వేడినంతా తీసి మళ్లీ నా తొడల మీదే పోసేది. ముందు రెండు లైట్లు ఉంటాయి, మామూలుగా ఒకటే వెలుగుతుంది, దాని తీరే అంత. అది తెలియని ప్రతి మనిషీ ఆపి మరీ “అన్నా, ఒక లైటు పోయింది సూసుకో” అనేవాడు. ఎండాకాలం తారు కరిగి సైడు స్టాండు నేలలోకి దిగబడేది. దాని కింద పెట్టడానికి బావ జేబులో ఎప్పుడూ ఒక షాబాదు బండ ముక్క ఉండేది. “మైలేజ్ ఎంతిస్తదన్నా?” అని ఎవరన్నా అడిగితే ఆయన నిబ్బరంగా “ఇయ్యది, తీస్కుంటది” అనేవాడు.

ఇక బండికి పూజ చేయించిన రోజు సంగతి. చిల్కానగర్ గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పంతులు హారతి పట్టుకుని, “కొద్దిగా ముందుకు పోనివ్వు నాయనా” అన్నాడు. నేను అప్పటిదాకా నడిపింది బావ వాళ్ల నాయన పాత స్కూటరు. దానికి కదలాలంటే యాక్సిలేటరు మొత్తం తిప్పాలి. అదే చెయ్యి, అదే తిప్పుడు. ముందు చక్రం లేచి దేవుడికి దండం పెట్టింది. పంతులు హారతి పళ్లెంతో సహా అరుగెక్కాడు, ఆ వయసులో అంత ఎత్తు ఎగురుతాడని ఆయనకే తెలియదు. వెనక చక్రం కింది నిమ్మకాయ తుపాకీ గుండులాగ వెళ్లి వెనక నిలబడ్డ బావ నుదుటికి తగిలింది. దిష్టి పోయిందని ఒకరిద్దరు అన్నారు కానీ, బావ తల్లి అట్లా అనుకోలేదు.

బావ తల్లిని నేను అత్తమ్మ అంటాను. ఆ ఇంటికి పెద్ద దిక్కు ఆమే. ఎత్తు నాలో సగం, గొంతు నాకు రెట్టింపు. గుడి మెట్ల మీద కొంగు బిగించి నిలబడి కొడుకును అడిగింది.

“ఎన్ని గేర్లురా దీనికి?”

“ఆరమ్మా.”

“మీ నాయిన స్కూటరుకు నాలుగుండె. రెండు దాటి ఎన్నడన్న ఏసిండా? గందుకే పండు ముసలోడయ్యేదాక బతికిండు. నా మీద ఒట్టు, రెండో గేరు దాటొద్దు. దాటిన్రంటె నేను మీకు దక్క.”

“మరి మిగిలిన నాలుగు ఏం జెయ్యాలె అత్తమ్మా?” అన్నాను నేను.

“ఉండనియ్యి. అవ్వేమన్న నిన్ను అడిగినయా?”

తల్లి మీద ఒట్టంటే మా బావకు ఇనుప గొలుసు. ఫ్యాక్టరీలో యూనియన్ వాళ్లతో కొట్లాడేవాడు, మేనేజరుతో వాదించేవాడు, ఈ ఒట్టు దగ్గర మాత్రం చేతులు కట్టుకునేవాడు. అట్లా ప్రపంచంలో వేగంగా పోయే బండ్లలో ఒకటి మా గల్లీలో రెండో గేరులో బతకడం మొదలుపెట్టింది. పక్కింట్లో ఒక సైంటిస్టు సారు ఉండేవారు, కోస్తా వైపు మనిషి, రిటైరయ్యాక గేటు దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డును పరిశోధించేవారు. ఆయన ఒకరోజు నన్ను పిలిచి, “అంజీ, ఈ బండి రెండో గేరులోనే వరంగల్ బస్సుల్ని దాటేస్తుందయ్యా. ఆ సంగతి పెద్దావిడ చెవిన మాత్రం వెయ్యకండి” అన్నారు. కాలనీ మొత్తానికి ఆ రహస్యం తెలుసు. ఆమె ఒక్కతికే తెలియదు. అయినా ఉప్పల్ ట్రాఫిక్కులో దాటడానికి చోటెక్కడిది? వేగం లేదు కానీ రెండో గేరు అరుపు మాత్రం ఉండేది. మేం రామంతాపూర్ మలుపులో ఉండగానే అక్క పొయ్యి మీద అన్నం పెట్టేది. బావకు ఒకే ఒక్క కోరిక మిగిలింది. రాత్రి భోజనాలప్పుడు ముద్ద చేతిలో పట్టుకుని, “ఆరో గేర్ల అది ఎట్ల పాడుతదో ఒక్కసారి ఇనాలెరా అంజీ” అనేవాడు. అత్తమ్మ మజ్జిగ పోస్తూ, “నేను పొయినంక ఇను” అనేది.

అత్తమ్మకు ఇంకో అలవాటు ఉండేది. విలువైనది ఏదైనా ధాన్యంలో దాచేది. బియ్యం డ్రమ్ములు, కందిపప్పు డబ్బా, జొన్నల బస్తా ఆమెకు లాకర్లు. బండి తాళంచెవి కూడా అక్కడే ఉండేది. ఆదివారం పొద్దున బావ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి నిలబడితే, ఆమె మోచేతి దాకా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని వెతికి, తెల్లటి దుమ్ముతో తాళంచెవి తీసి ఇచ్చేది. బండి స్టార్టయ్యే ముందు తాళం సందులోంచి ఒక బియ్యపు గింజ రాలేది. కొత్త బియ్యం వాసన, పెట్రోలు వాసన, ఆమె వెలిగించిన ఊదుబత్తి వాసన కలిస్తే, ఇప్పటికీ నాకు అది ఆదివారం వాసనే.

బావ తమ్ముడు రమేశ్ పెళ్లి నారపల్లిలో, హైవే పక్కన ఫంక్షన్ హాల్లో పెట్టుకున్నారు. అవి తెలంగాణ కోసం ఊరంతా రోడ్డెక్కుతున్న రోజులు. ముహూర్తం నాడే బంద్ వచ్చిపడింది. మేం తెల్లారకముందే లగ్గం సామానుతో వ్యాన్లలో హాలుకు చేరాం, వ్యాన్ల వాళ్లు భయపడి మమ్మల్ని దింపి వెళ్లిపోయారు. బావ బండిని కూడా ఒక వ్యాన్‌లో ఎక్కించుకొచ్చి, హాలు గేటు దగ్గర నిలబెట్టి, బంతిపూల దండలు, సీరియల్ లైట్ల బుగ్గలు చుట్టి, పెళ్లికొడుకు కంటే బాగా ముస్తాబు చేశాడు. ఆడపిల్ల తరఫు వాళ్లు వచ్చి ముందు దాన్నే చూసి, తర్వాత రమేశ్‌ను చూశారు.

జీలకర్ర బెల్లం అయింది. పంతులు పుస్తెలు తెమ్మన్నాడు. అత్తమ్మ ఎర్ర మఖమల్ డబ్బా ఇచ్చింది. పంతులు దాన్ని అందరికీ చూపిస్తూ తెరిచాడు. లోపల బండి రెండో తాళంచెవి ఉంది.

పంతులు దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, “ఇది కట్టమంటారా అమ్మా?” అన్నాడు.

జరిగింది ఇది. పెళ్లి సంబరంలో కొడుకు బండి తీసి ఎక్కడ ఎగరేస్తాడో అని ఆమె మొదటి తాళంచెవిని బియ్యంలోనే వదిలి, రెండోదాన్ని ఎవరూ వెతకని చోట, అంటే పుస్తెల డబ్బాలో దాచింది. పుస్తెలను అంతకంటే భద్రమైన చోట, అంటే బియ్యంలో దాచింది. పొద్దున హడావిడిలో డబ్బా ఒక్కటే వచ్చింది. పెళ్లికూతురి తండ్రి ముఖం బిగుసుకుపోయింది. పంతులు పంచాంగం చూసి, “ఒక గంట దాటితే వర్జ్యం వస్తుంది. ఆలోపు పుస్తె పడాలి. లేకపోతే మళ్లీ లగ్గం చూసుకోవాల్సిందే” అన్నాడు. అటు వైపు పెద్దమనిషి ఒకాయన అందరికీ వినబడేట్టు, “పుస్తెలే తేనోళ్లు పిల్లను ఏం సూస్తరు” అన్నాడు. పెళ్లికూతురు తల ఇంకా కిందికి వంచింది. అత్తమ్మ కళ్లల్లో నీళ్లు చూడడం నాకు అదే మొదలు, అదే చివర.

“ఏ డబ్బాలున్నయో చెప్పమ్మా, అంజిగాడు పోయి తెస్తడు” అన్నాడు బావ.

“చెప్తె దొరకదురా. నాకే యాదికి లేదు. చెయ్యికి ఎరుక” అంది. అని, పంతులు చేతిలోని తాళంచెవి తీసుకుని నా వైపు తిరిగింది. “పా. బండి తియ్యి.”

పట్టుచీర గోచీలాగ బిగించి, బావ భుజమ్మీద కాలు పెట్టి, ఆ చపాతీ పీట మీదికి ఎక్కింది. మల్లెపూల మీదే మంటల హెల్మెట్ పెట్టారు. పెళ్లికొడుకు కండువాతో ఆమెను నా నడుముకు కట్టారు. బుగ్గలు పీకే టైము లేదు, వైరు మాత్రం తెంపారు. అట్లా దండలతో, బుగ్గలతో వరంగల్ రోడ్డెక్కాం. బంద్ రోడ్డు ఖాళీగా, గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టుంది. అంత ఖాళీ రోడ్డు ఆ బండి పుట్టాక చూడలేదు. నేను మాత్రం రెండో గేరే, ఒట్టు వేసిన మనిషే వెనక ఉంది కదా. ఇంజన్ అరుస్తోంది, అత్తమ్మ అంతకంటే గట్టిగా రాములవారిని పిలుస్తోంది.

బోడుప్పల్ దగ్గర రోడ్డుకు అడ్డంగా ఉద్యమం వాళ్ల వంటావార్పు. నడి హైవే మీద రాళ్ల పొయ్యిలు, పెద్ద గంజుల్లో పప్పు ఉడుకుతోంది, వందల మంది బంతులుగా కూర్చున్నారు. ఒకాయన గరిటె చేతిలో పట్టుకుని అడ్డం వచ్చాడు.

“బంద్ నాడు బండేంది తమ్మీ? గీ బుగ్గలేంది?”

వెనక నుంచి హెల్మెట్ మాట్లాడింది. “మా పెండ్లి. పుస్తెలు మర్శిపోయినం.”

“మీ పెండ్లా అవ్వా?” అన్నాడాయన, నన్నూ ఆమెనూ కట్టిన కండువాను చూస్తూ.

“నా చిన్న కొడుకుదిరా. దారియ్యి.”

“ఒక ముద్ద తినిపో. ఊకె పోనియ్యం ఎవ్వరిని.”

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది. గంట కరుగుతోంది, నా ప్రాణం అంతకంటే ముందు కరుగుతోంది. నమిలి, నిదానంగా, “ఉప్పు తక్కువైంది. వచ్చేవరకు ఏసి పెట్టున్రి” అంది. పొయ్యి జరిపి దారిచ్చారు.

ఇంట్లో ఆమె చెయ్యి మొదటి డ్రమ్ములో దిగి, బావ ఎప్పుడో పోగొట్టుకున్న వాచీ తీసింది. “ఉండనియ్యి” అని మళ్లీ లోపలికి తోసింది. కందిపప్పులో టార్చి లైటు దొరికింది. రెండో డ్రమ్ము అడుగున చెయ్యి ఆగింది. గుడ్డ మూట. మూట రవికెలో దోపుకుని, మళ్లీ సీటెక్కడానికి నా వీపును నిచ్చెన చేసింది.

తిరుగు దారిలో ఉప్పల్ దాటగానే నా భుజం మీద కొట్టింది.

“ఏందిరా గింత లొల్లి చేస్తది? చెవులు పోతున్నయ్. పంతులు మంత్రాలు ఇనవడాలె గద నాకు.”

“రెండో గేరు గట్లనే ఒర్రుతది అత్తమ్మా. ఇంకో గేరు ఏస్తె లొల్లి తగ్గుతది.”

ఇన్నేళ్లు గల్లీ అంతా పడ్డ గోల తన ఒట్టు వల్లేనని ఆమె అప్పుడే లెక్కేసుకుంటోందని నాకనిపించింది.

“మరి మూడోది ఏయి. మూడో గేరుకు ఒట్టు తీసేసిన.”

వేశాను. అరుపు మూలుగైంది.

“ఇంక తగ్గుతదా?”

“నాలుగుల ఇంక తగ్గుతది.”

“ఏయి. నాలుగుకు గూడ తీసేసిన.”

అప్పుడే వంటావార్పు వచ్చింది. వాళ్లు దూరం నుంచే చూసి పొయ్యిలు జరిపేశారు. కాస్త నెమ్మదిస్తే ఆమె హెల్మెట్ బయటికి పెట్టి, “ఉప్పు ఏసిన్రా?” అని అడిగింది. గరిటె ఆయన గరిటె పైకెత్తాడు. ఆ తర్వాత ఐదోది కూడా ఆమే వేయించింది. ఐదో గేరులో ఆ బండి ఎట్లా ఉంటుందో చెప్పాలంటే నాకు మాటలు చాలవు, చదువుకున్నవాళ్లకైనా చాలవనుకుంటాను. చప్పుడు కిందెక్కడో చేలో నీటి మోటరులాగ ఒకే తీరున గొణుగుతుంది. బండి బరువు పోతుంది. రోడ్డు మన మీదికి రాదు, మన కిందికి జారుకుంటుంది. చప్పుడు తగ్గే కొద్దీ మీటరులో అంకె పెరుగుతూ పోయింది. ఆ సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. బంతిపూలు ఒక్కొక్కటే తెగి వెనక్కి పోతున్నాయి. ఆమె రాముణ్ణి మాని, ఏదో పెళ్లిపాట కూనిరాగం తీస్తోంది. అది నాకు వినబడింది.

“ఆరోది గూడ ఏయమంటవా అత్తమ్మా? దాంట్ల పూజగది లెక్కనే ఉంటది.”

“వద్దు. అది మల్లేశుకు ఉంచు. కొన్నది వాడు.”

హాలు గేటు దగ్గర ఆగేసరికి బండి మీద పూలు లేవు, దారాలే ఉన్నాయి. ఆమె హెల్మెట్ తీయకుండానే మండపంలోకి నడిచి మూట పంతులుకిచ్చింది. వర్జ్యానికి ఇంకా సమయం ఉంది. రమేశ్ పుస్తెలు ఎత్తి కడుతుంటే రెండు బియ్యపు గింజలు రాలి పెళ్లికూతురు భుజమ్మీద పడ్డాయి. తలంబ్రాలు ముందే మొదలయ్యాయని పంతులు సర్దిచెప్పాడు. పెళ్లికూతురు అప్పుడు తలెత్తి, హెల్మెట్‌లో ఉన్న అత్తగారిని చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. దాంతో ఆమె తండ్రి ముఖం కూడా విచ్చుకుంది.

తర్వాతి ఆదివారం అత్తమ్మ తాళంచెవి ఇస్తూ, ఆరో గేరుకు కూడా ఒట్టు తీసేసింది. బావ, నేను నారపల్లి దాటాం. మూడు, నాలుగు, ఐదు. రోడ్డు బాగుంది, ఎండ బాగుంది. నా కాలు గేరు కింద సిద్ధంగా ఉంది. బావ నా భుజం తట్టాడు. “అంజీ, ఆరోది ఇనేస్తె ఇగ ఏముంటది మనకు? వాపస్ తిప్పు” అన్నాడు. ఆయన తెచ్చుకున్న షాబాదు బండ ముక్క స్టాండు కింద పెట్టి, రోడ్డు పక్కన చెరో చాయ్ తాగి వచ్చాం. రాత్రి అన్నం తింటూ మళ్లీ, “ఆరో గేర్ల ఎట్ల పాడుతదో” అని మొదలుపెట్టాడు. రాష్ట్రం వచ్చే నాటికి ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేచి, మా దారిలో రెండో గేరుకు కూడా చోటు మిగల్లేదు. బండిని అమ్మేశారు. కొన్నవాడికి నేనే చెప్పాను, ఆరో గేరు అసలు వాడలేదు, కొత్తదన్నట్టే అని.

ఇప్పుడు అదే రోడ్డు మీద నేను కరెంటు ఆటో నడుపుతున్నాను. దానికి గేర్లే లేవు, చప్పుడు లేదు, మైలేజ్ ఎవరూ అడగరు. నారపల్లి చేలల్లో గేట్లు, గేట్ల వెనక ఇళ్లు, ఇళ్ల ముందు నడవని కార్లు. ఎక్కడికైనా అప్పటికంటే దగ్గరగానే ఉన్నాం, చేరడానికి మాత్రం అప్పటికంటే ఎక్కువసేపు పడుతోంది. సిగ్నల్ దగ్గర పక్కన అట్లాంటి బండి ఎవడైనా కుర్రాడు ఆపితే నా ఎడమ కాలు దానంతటదే పైకి కదులుతుంది. “తమ్మీ, ఒక లైటు పోయింది” అంటాను. వాడు విసుక్కుంటాడు, నాకు కడుపు నిండుతుంది.

హెల్మెట్ దింపుకొచ్చి అత్తమ్మ ఒళ్లో పెట్టాను. ఆమెకిప్పుడు కళ్లు సరిగా ఆనవు, చెయ్యి లోపలికి పెట్టి చూసి, గింజలు తడిమి, నవ్వింది. ఇదంతా రాస్తున్నానని చెప్పి, రాసినంత మేర చదివి వినిపించాను. చివరికి, “ఎంతన్న చెప్పు అత్తమ్మా, ఆ దినం నేను లేకుంటె ఆ పెండ్లి ఆగిపోతుండె గదా” అన్నాను.

“బండి ఉరికింది, గేర్లు నేను చెప్పిన” అంది అత్తమ్మ. “నాకు గాలి గొట్టకుంట ముంగట కూసున్నవ్, గంతే.”